దురద ఎక్కడ, ఎప్పుడు? ముందు అది చూడు అమ్మాయ్

అమ్మాయ్,

దురద తగ్గాలని సబ్బు మార్చానన్నావు, సర్ఫ్ మార్చానన్నావు, వంకాయ మానేశావు, ఎండుచేపలు మానేశావు, మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ కూడా రాస్తున్నావు. అన్నీ ఒకే వారంలో చేస్తే రేపు తగ్గినా దేనివల్ల తగ్గిందో ఎవరు చెప్పాలి? మన ఇళ్లల్లో ఒళ్లు దురదపెడితే మొదటి నింద వంకాయకే. తిండి పడక లేచే దద్దుర్లు మామూలుగా తిన్న కాసేపటికే లేస్తాయి, ఒక్కొక్కటీ ఒక రోజు లోపే అణిగిపోతుంది. నీకు అదే చోట వారాల తరబడి ఉంటోంది కాబట్టి వంకాయ వండుకో.

ఆ ట్యూబ్ మాత్రం ఇక రాయకు, పారేయకు కూడా, డాక్టర్‌కి చూపించాలి. అలాంటివాటిలో చాలావరకు క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. అది తామర అయితే పైకి తగ్గినట్టే ఉండి పక్కకి పాకుతుంది, రూపు మారిపోయి డాక్టర్‌కి కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది.

దురద ఎక్కడ, ఏ వేళ ఎక్కువో నాలుగు రోజులు క్యాలెండర్ మీదే రాసిపెట్టు. వేళ్ల సందులు, మణికట్టు, నడుము చుట్టూ ఉండి రాత్రి పడుకున్నాక పెరిగి, పిల్లాడు కూడా గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. మొహం మాడ్చుకోకు, రోజూ రెండుపూటలా స్నానం చేసేవాళ్లకీ వస్తుంది. డాక్టర్ చీటీలో పెర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ రాసిస్తే దురద లేనివాళ్లతో సహా ఇంట్లో అందరూ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకుని పొద్దున కడుక్కోవాలి, వారానికి మళ్లీ ఒకసారి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వెయ్యి, ఉతకలేనివి కవర్లో కట్టి నాలుగు రోజులు పక్కన పెట్టు. గజ్జి పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, మందు పనిచేయలేదనుకుని మళ్లీ మళ్లీ పూస్తే ఆ మంటకే చర్మం ఇంకా పాడవుతుంది.

బట్ట కప్పని చోట్లే, అదీ వరసగా దద్దుర్లుంటే టార్చ్ పట్టుకుని మంచం కీళ్లు, పరుపు కుట్లు వెతుకు. పెన్ను చుక్కల్లా నల్లటి మచ్చలుంటే నల్లులే.

అన్నట్టు, మీ మేడ మీద బట్టలారేసే తీగ పక్కనే మునగ చెట్టుంది కదా, వానలకి దాని మానుకి గొంగళిపురుగులు గుంపుగా పట్టాయేమో చూడు. వాటి నూగు గాలికొచ్చి బట్టలకి పడుతుంది. జాకెట్టు లోపలివైపు తగిలే చోటే మండుతుంటే నా అనుమానం దాని మీదే. ఒంటికి నూగు అంటితే గోకకుండా గమ్ టేప్ అంటించి లాగి, ఆ తర్వాత సబ్బుతో కడుగు. తీగ ఇంకో పక్కకి కట్టించు.

గిల్టు గాజులు, వాచీ, బెల్టు బకిల్ కింద మాత్రమే ఉంటే వాటిలోని నికెల్ అనే లోహం పడట్లేదేమో, తలరంగు అయితే నుదురు, చెవులు, మెడ దగ్గర చూపిస్తుంది. ఈ రకం అలర్జీ ఒకటి నుంచి మూడు రోజులు ఆగి బయటపడుతుంది కాబట్టి ఇవాళ పొద్దున వాడినదాన్ని పట్టుకోకు, మొన్నటిది గుర్తుచేసుకో. ఏళ్ల తరబడి వాడినది కూడా ఒక్కసారిగా పడకపోవచ్చు. అనుమానం వచ్చినదాన్ని ఒక్కదాన్నే ఆపి రెండు వారాలు చూడు, అప్పటిదాకా మిగతావి కదపకు.

మనది గుంటూరు కాబట్టి ఇదొకటి: మిరపకాయల తొడిమలు తీశాక చేతులు మండితే ఉత్త నీళ్లతో పోదు, ముందు నూనె రాసి తుడిచి తర్వాత సబ్బుతో కడగాలి.

దద్దురే లేకుండా ఒళ్లంతా దురదైతే షుగర్, థైరాయిడ్, లివర్, కిడ్నీ పరీక్షలు చేయించు. పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే 108కి ఫోన్ చెయ్. ఇవేవీ కాకపోతే మన ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ట్యూబ్, తలరంగు డబ్బా, క్యాలెండర్ కాగితం సంచిలో వేసుకెళ్లు, మచ్చలు ఎక్కువగా ఉన్నప్పుడే ఫొటో తీసి ఉంచుకో, డాక్టర్ ముందు కూర్చునేసరికి అవి కనపడకపోవచ్చు.

మీ పెదనాన్న