పుస్తకాలు బీరువాలో దాచుకుని చదవాలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, ఖమ్మంలో ఉంటాం. అమ్మాయి ఇంజనీరింగ్‌కి హాస్టల్‌కి వెళ్లాక లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఈ నెలలో వీరాస్వామి కాశీయాత్ర, అచ్చమాంబ కథలు, మాలపల్లి సగం, రెండు పాత సీరియల్ నవలలు, మిద్దెతోట మీద ఒకటి, థైరాయిడ్‌కి ప్రకృతి వైద్యం మీద ఒకటి చదివాను. 'ఈ వయసులో ఏ పరీక్ష రాస్తావ్' అంటారు మా వారు. చూపు సరిగ్గా ఆనక పేపర్ కూడా చదవలేని మా అత్తయ్య నా చేతిలో పుస్తకం కనబడితే గొణుగుతారు. అందుకని చీరల మధ్య పెట్టి, అందరూ పడుకున్నాక ఒంటిగంట దాకా చదువుతున్నా. ఇంతా చేస్తే ఏదీ గుర్తుండటం లేదు. పద్ధతి లేకుండా చదవడం వల్లేనా? టైమ్ వేస్ట్ చేస్తున్నానా? (ప్రకృతి వైద్యం పుస్తకం చదివాక థైరాయిడ్ మాత్ర మానేశాను.)

జవాబు: మీరు బ్రాకెట్లో రాసి వదిలేసిన ఆ మాత్ర సంగతే ముందు మాట్లాడుకుందాం. దయచేసి రేపే మీ డాక్టర్‌ని కలిసి మాత్ర మానేశానని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. హైపో థైరాయిడ్, అంటే థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేసే సమస్య ఉన్నవాళ్లు మాత్ర ఆపేస్తే నీరసం, మతిమరుపు, దేనిమీదా మనసు నిలవకపోవడం మెల్లమెల్లగా మొదలవుతాయి. మీరు గుర్తుండటం లేదంటున్నారే, అందులో కొంత దీనివల్ల కూడా కావచ్చు. మాత్ర మళ్లీ మొదలుపెట్టాక 6 నుంచి 8 వారాలకి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించమంటారు, అది మానకండి. ఎన్ని రకాల పుస్తకాలు చదివినా నేను సంతోషిస్తాను గానీ, ఒక పుస్తకం చూసి రోజూ వేసుకునే మందు ఆపేయడం మాత్రం ఒప్పుకోలేను. దానికితోడు ఒంటిగంట దాకా మేలుకుని పొద్దున్నే లేచి ఇంటిపనిలో పడితే చదివింది ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

ఇక పద్ధతి సంగతి. మీ నెల జాబితా రెండుసార్లు చదివాను, నాకైతే చాలా బాగుంది. 1830లో మద్రాసు నుంచి పల్లకీల్లో, వెంట వందమంది దాకా పరివారంతో బయలుదేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాద్ మీదుగా కాశీకి వెళ్లిన వీరాస్వామి దారిలో ఏ ఊళ్లో ఏం దొరికిందో, ఎక్కడ దిగారో కూడా వదలకుండా రాసుకున్నాడు. దాని తర్వాత మీరు అచ్చమాంబ కథలు పట్టుకున్నారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదవడం నేర్చుకుని, 1902 నాటికే కథలు రాసిన ఆవిడ. మాలపల్లి సగంలో ఆగిందంటే బాధపడాల్సిందేం లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైల్లో కూర్చుని రాసిన పెద్ద నవల అది, ఇంట్లో అందరి భోజనాలూ చూసుకుంటూ నెలలో పూర్తి చేయాలని రూలేం లేదు. ఎవరూ సిలబస్ ఇవ్వకుండా, ఏ పుస్తకం మీద మనసు పోతే అది తెచ్చుకునే అవకాశం మీకు ఇన్నేళ్లకి వచ్చింది, కొన్నాళ్లు అలాగే చదవండి. గుర్తుండాలనుకుంటే చిన్న నోట్‌బుక్‌లో పుస్తకం పేరు, మిమ్మల్ని ఆపిన ఒక సంగతి రాసుకోండి, అంతకన్నా పెద్ద ఏర్పాటేం అక్కర్లేదు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఆ బీరువా. ఎవరూ కాదనకూడని పనిని మీరే దాచిపెడితే అది మీకే తప్పుగా కనిపించడం మొదలవుతుంది, టైమ్ వేస్టా అని నన్ను అడిగారంటే అప్పుడే మొదలైనట్టుంది కూడా. ముందు పుస్తకాలు హాల్లో టీవీ పక్కన పెట్టండి. రాత్రి కాకుండా మధ్యాహ్నం పని అయ్యాక ఓ గంట అందరి ఎదురుగానే కూర్చుని చదవండి. గొణిగితే వెంటనే లేచిపోవద్దు.

మీ వారి మాట ఎగతాళిగానే ఉంది, నేను సమర్థించను. కానీ కూతురు వెళ్లిపోయాక ఇల్లు ఆయనకీ బోసిపోయి ఉంటుంది, అది చెప్పుకోలేక ఇలా మాట్లాడుతున్నారేమో అనిపిస్తోంది. భోజనాలయ్యాక, ఇద్దరూ కోపంగా లేని రోజు చూసి సూటిగా అడగండి: 'నేను చదువుకుంటుంటే మీకేం ఇబ్బందిగా ఉందో చెప్పండి.' 'సాయంత్రం కాసేపు నాతో కూర్చోవడం లేదు' అని ఆయన అంటే ఆ గంట ఆయనకివ్వడం సబబే. ఇబ్బందేం లేదు, ఊరికే అన్నానంటే మాత్రం ఇంకెప్పుడూ అలా అనొద్దని, బాధగా ఉందని చెప్పేయండి.

మీ అత్తగారి సంగతికొస్తే, ఎదుట మనిషి పుస్తకంలో మునిగిపోతే చదవలేని వాళ్లకి ఒంటరిగా అనిపిస్తుంది. కాశీయాత్ర వాడుకమాటకి దగ్గరగా రాసిందే, పైకి చదివితే ఆవిడకి చక్కగా అర్థమవుతుంది. మధ్యాహ్నం రెండు పేజీలు చదివి వినిపించి చూడండి. వద్దంటే మానేయండి, బలవంతం చేయకండి. మాలపల్లి గడువు దగ్గరపడి ఉంటుంది, డాక్టర్ దగ్గరికి వెళ్లే దారిలో లైబ్రరీలో ఆగి రెన్యువల్ చేయించుకోండి.