రైలు పటం మీద అభిప్రాయం రాసే ముందు

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆగ్నేయాసియా రైలు మార్గాల కొత్త పటాలు కొన్నావని, వాటి మీద నీ అభిప్రాయం తయారుచేసినవాళ్ళకే రాయాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. తప్పకుండా రాయి. అంత పని చేసినవాళ్ళకి శ్రద్ధగా చదివే మనిషి దొరకడం కంటే కావలసిందేముంది?

స్టేషన్ మాస్టర్‌గా పనిచేసినవాడిగా ఒకటి చెబుతాను. పటంలో తప్పులు గీత మధ్యలో తక్కువ. గీత ఆగిపోయే చోట, రెండు గీతలు కలిసే చోట వెతుకు. మన శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. చుక్క శ్రీకాకుళం ఊరి మీద పెడితే, ఆ పటం నమ్ముకుని వచ్చిన కొత్త మనిషి దిగాక బస్సో ఆటోనో వెతుక్కోవాలి. లావోస్ రాజధాని వియంటియాన్‌లో ఇదే చిక్కు ఇంకా పెద్దది. చైనా నుంచి వచ్చే లైను 2021 డిసెంబరులో మొదలైంది, అది స్టాండర్డ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య ఎడం 1,435 మిల్లీమీటర్లు. థాయ్‌లాండ్ నుంచి మెకాంగ్ నది దాటి వచ్చేది మీటర్ గేజ్, ఆ ఎడం ఒక మీటరే. ఈ లైను మీద బ్యాంకాక్ బండి 2024 జులై నుంచి ఖమ్‌సవాత్ స్టేషన్ దాకా వస్తోంది. ప్రయాణికులు దిగే స్టేషన్లు రెండూ వేరు, మధ్యలో సామాను పట్టుకుని రోడ్డు మీద వెళ్ళాల్సిందే. పటంలో రెండింటికీ కలిపి ఒకే చుక్క ఉంటే నీ ఉత్తరంలో మొదట అదే రాయి.

తర్వాత, ఆ పటం ఏ తేదీ నాటి పరిస్థితిని చూపిస్తోందో అందులో అచ్చయి ఉందా చూడు. నౌపడా–గుణుపురం లైను నీకు తెలిసిందే. నేరోగేజ్ బండి 2004లో ఆగింది, బ్రాడ్ గేజ్ గుణుపురం చేరింది 2011లో. ఆ నడిమి ఏళ్ళలో అచ్చయిన పటం ఆ లైనును నడుస్తున్నట్టు చూపినా, అసలు లేనట్టు చూపినా తప్పే. ‘పని జరుగుతోంది’ అనడానికి వేరే గుర్తు ఉండాలి. మనీలా లోకల్ బళ్ళను 2024 మార్చిలో కొత్త లైను పనుల కోసం ఆపారు. అక్కడ ఏ గుర్తు వాడారో చూడు. జకార్తా–బాండుంగ్ మధ్య పాత లైను 1,067 మిల్లీమీటర్లు, 2023లో మొదలైన హైస్పీడ్ లైను స్టాండర్డ్ గేజ్. రెండింటికీ ఒకే రంగు వేస్తే కుదరదు.

థాయ్‌లాండ్–బర్మా లైను పేజీ మాత్రం నిదానంగా చూడమ్మా. 1942–43లో జపాన్ సైన్యం యుద్ధఖైదీలతో, ఆసియా కూలీలతో వేయించిన 415 కిలోమీటర్ల లైను అది. మలయా తోటల నుంచి తీసుకెళ్ళిన తమిళ కూలీలతో పాటు మన తెలుగువాళ్ళూ అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇప్పుడు థాయ్ వైపు బండి నామ్ టోక్ దాకానే వెళుతుంది, ఆపైన సరిహద్దు వైపు పట్టాలు తీసేశారు. తీసేసిన భాగాన్ని చుక్కల గీతతోనైనా చూపించమని అడుగు. బండి నడవదు కదా అని దాన్ని పూర్తిగా చెరిపేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

రాసేటప్పుడు ‘చాలా తప్పులున్నాయి’ అని మొదలుపెట్టకు. ఏ పేజీ, ఏ స్టేషన్, పటంలో ఏముంది, నిజానికి ఏముంది, ఎప్పటి నుంచి, నీకెలా తెలిసింది. ఒక్కో తప్పుకీ ఇవన్నీ ఉంటే దిద్దేవాళ్ళకి వెతుకులాట తప్పుతుంది. టైమ్‌టేబుల్ చూసి రాస్తే టైమ్‌టేబుల్ అనే చెప్పు, స్నేహితురాలు ఆ బండెక్కి చెబితే ఆ మాటే రాయి. రంగులు నచ్చలేదు, అక్షరాలు చిన్నవి అన్నవి వేరే కాగితం మీద పెట్టు. అవి నీ ఇష్టాయిష్టాలు, తప్పులతో కలిపేస్తే అసలు తప్పుకి బరువు తగ్గిపోతుంది. బాగున్న పేజీ ఏదో కూడా చెప్పు, వచ్చే ముద్రణలో దాన్ని కదపకుండా ఉంటారు.

పంపే ముందు నాకొకసారి చూపించు. జంక్షన్ల పేజీలు ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య