ఇస్త్రీ చొక్కా

కోడంబాక్కం, చెన్నై.

చిరంజీవికి,

నీ కథ అందింది. షోలింగనల్లూరులో ఆఫీసు ముగించుకుని వచ్చి, రాత్రి పదకొండింటికి కూర్చుని రాశానన్నావు. ఆ అలసట కథలో ఎక్కడా కనబడలేదు, సంతోషం. కానీ నీ రామకృష్ణ పొలం గట్టు మీద బయల్దేరి మూడు పేజీల్లో అమెరికాలో కంపెనీ పెట్టేశాడు. 'ఏదో సాధించాలన్న తపన అతణ్ణి నిలవనీయలేదు' అని నాలుగుసార్లు రాశావు. లెక్కపెట్టాను. ఏదో అంటే ఏమిటి నాయనా?

వెక్కిరించడం లేదు. నేనూ ఆ పనే చేశాను. మద్రాసు వచ్చిన కొత్తలో ఇక్కడే ఒక మేన్షన్‌లో, అంటే ఒంటరి మగవాళ్ళు అద్దెకుండే లాడ్జిలో, ఉండేవాణ్ణి. పక్క మంచం గూడూరు కుర్రాడిది. హీరో అవుదామని వచ్చి గుంపులో నిలబడే వేషాలు వేసేవాడు. అదీ పిలిస్తేనే. అతనికో తెల్ల చొక్కా ఉండేది. మేకుకు వేలాడుతుండేది, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ప్రతి ఆదివారం సందు చివర బండి దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ ఇస్త్రీ చేయించేవాడు. వారమంతా తొడిగిందే లేదు! ఆ డబ్బుల కోసం ఒక పూట టిఫిన్ మానేసేవాడు. ఏ డైరెక్టరో కబురు పెడితే నలిగిన చొక్కాతో వెళ్ళకూడదు, అదీ అతని పట్టుదల.

అతని మీద కథ రాశాను. గుండెల్లో అగ్నిపర్వతాలు, అందని ఆకాశాలు, అన్నీ పెట్టాను. చొక్కా మాత్రం పెట్టలేదు. మరీ చిన్న సంగతి అనిపించింది. ఒక వారపత్రిక నుంచి కథ తిరిగొచ్చింది. పక్కన ఎర్ర సిరాతో ఒకటే ముక్క: 'ఇతనికి ఏం కావాలి?' రెండు రోజులు అన్నం సయించలేదు.

టి.నగర్‌లో పానగల్ పార్కు చూసే ఉంటావు. అవకాశాల కోసం మద్రాసు వచ్చిన రోజుల్లో ఘంటసాల అక్కడి వాచ్‌మన్‌కి నెలకు రెండు రూపాయలిచ్చి రాత్రిళ్ళు పడుకునేవారని చెబుతారు. అంతకుముందు విజయనగరంలో ఇంటింటా అన్నం అడిగి, మధూకరం ఎత్తుకుని తింటూ సంగీతం నేర్చుకున్న మనిషి. ఆయన తపన ఎంత గొప్పదో వర్ణించు, నా కంటికి ఏమీ ఆనదు. వాచ్‌మన్ చేతిలో పెట్టిన ఆ రెండు రూపాయలు మాత్రం కనబడతాయి.

ఇంకో మాట. ఆయన ఘంటసాల అయ్యారు కాబట్టి పార్కు సంగతి మనదాకా వచ్చింది. గూడూరు కుర్రాడు ఏమీ కాలేదు. ఒకరోజు పొద్దున్నే ఆ చొక్కా తొడుక్కుని ఊరెళ్ళే బస్సెక్కాడు. ఇద్దరిలో ఎవరి కథ రాస్తావని అడిగితే నేను ఇతనిదే అంటాను. రామకృష్ణని గెలిపించి తీరాలన్న టెన్షన్ నీకెందుకు?

ఉత్తరం చివర అడిగావు, 'నేనెప్పటికైనా పెద్ద రచయితనవుతానా' అని. నా సంగతే నాకింకా తేలలేదు, నీకేం చెప్పను? గురజాడ సంగతి చెబుతాను. 'కన్యాశుల్కం' 1892లో ఆడింది, 1897లో అచ్చయింది. జనం మెచ్చారు, రాజుగారి అండ ఉంది. మరొకరైతే అక్కడితో చేతులు దులుపుకునేవారు. ఆయన దాన్ని పట్టుకుని తిరగరాసి, బాగా పెంచి, 1909లో మళ్ళీ వేయించారు. మనమిప్పుడు చదివేది ఆ రెండోదే. వీలైతే రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. ముఖ్యంగా మధురవాణి ఎంత పెరిగిందో చూడు. నాకైతే నీ వయసులో ఎవరైనా ఈ పని చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

కథ మళ్ళీ రాయి. రామకృష్ణ అమెరికా వెళ్ళనక్కర్లేదు, ఊరి బస్టాండు దాకా వస్తే చాలు. బయల్దేరే ముందు రాత్రి సంచిలో ఏం సర్దుకున్నాడు? ఏది సర్దుకుని, మళ్ళీ బయటికి తీసి గూట్లో పెట్టాడు? అది రాసి పట్టుకురా. ఆదివారం సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో.