బెరడు మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

వైరోలా అనే అమెజాన్ చెట్టు బెరడు నుంచి అక్కడి తెగలు తీసే ముక్కుపొడి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. "స్వర్గానికి దారి చూపే అమెజాన్ బెరడు" అని హెడ్డింగ్ పెట్టావు కదా, ముందు దాన్ని కొట్టెయ్. కష్టపడి చదివావని తెలుస్తూనే ఉంది, వాక్యం కూడా బాగా నడుస్తోంది. కానీ మొత్తం చదివినా నాకు ఒక్క మనిషీ కనబడలేదు. మొదటి పేరాలో పూనకాలు, రెండో పేరాలో డీఎంటీ అనే భ్రమలు కలిగించే రసాయనం ఫార్ములా, మూడో పేరాలో "ప్రాచీనుల విజ్ఞానం ఎంత గొప్పదో". మరి ఆ చెట్టు దగ్గరికి ఎవరు వెళ్ళారు, బెరడు ఎలా తీశారు, తీసింది ఏం చేశారు? అవి లేకపోతే నీ ఫార్ములా గాల్లో వేలాడుతుంది.

చిన్న తప్పులు ముందు చెప్పేస్తాను. యోపో అనే ఇంకో ముక్కుపొడిని, వైరోలా పొడిని ఒకటే అని రాశావు. యోపో చేసేది అనాదెనాంతెరా అనే చెట్టు గింజలతో, అది చిక్కుడు కుటుంబం. నువ్వు రాస్తున్నది వైరోలా, అది జాజికాయ కుటుంబం. అమెజాన్ అడవుల్లో ఉండే యానోమామీ తెగలో రెండూ వాడేవాళ్ళున్నారు, పేర్లు కూడా అటూ ఇటూ దొర్లుతుంటాయి, అందుకే నెట్‌లో అంతా కలగాపులగం. జాజికాయ చుట్టరికం ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్. మన వంటింటి డబ్బాలో ఉన్నదాంట్లో పనిచేసేది మిరిస్టిసిన్, వైరోలా బంకలో ఉండేవి ట్రిప్టమైన్లు, అంటే డీఎంటీ, దాని చుట్టాలు. చెట్లు చుట్టాలైనంత మాత్రాన మందులు చుట్టాలు కావు.

ఇప్పుడు అసలు పని. బ్రెజిల్, వెనిజులా సరిహద్దు అడవుల్లో యానోమామీలు వైరోలా మాను నుంచి బెరడు పట్టలు పట్టలుగా ఒలుస్తారు. ఒలిచిన చోట లోపలి పొర నుంచి ఎర్రటి బంక ఊరుతుంది. ఆ పట్టల్ని నిప్పు సెగకి చూపిస్తే బంక ఇంకా బయటికొస్తుంది, దాన్ని పోగు చేసి, కాచి, ఆరబెట్టి, నూరి పొడి చేస్తారు. కొన్ని ఊళ్ళలో ఇంకో చెట్టు బెరడు కాల్చిన బూడిద, సువాసన వచ్చే ఒక చిన్న మొక్క ఆకుల పొడి కూడా కలుపుతారు. ఆ పొడిని ఒకడు పొడుగాటి గొట్టంలో పెట్టి ఎదుటివాడి ముక్కులోకి గట్టిగా ఊదుతాడు. తనంతట తాను పీల్చుకునే నశ్యంలా కాదు, ఊదడానికి రెండో మనిషి కావాలి. నువ్వు ఈ సంగతే రాయలేదు. నాకైతే ఈ వ్యాసం మొత్తానికి ప్రాణం అక్కడే ఉందనిపిస్తుంది. ఇంకోటి, అదే బంకని వేటకెళ్ళేటప్పుడు బాణం మొనలకి విషంగా కూడా పూస్తారు. పాఠకుడు ఇక్కడ ఉలిక్కిపడతాడు, ఆ ఉలికిపాటుని పాడు చెయ్యకు, విశేషణాలు పెట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పు చాలు.

కెమిస్ట్రీ ఇప్పుడు తీసుకురా. ఎందుకంటే ఇప్పుడు పాఠకుడికే ప్రశ్న పుడుతుంది, ముక్కులోకే ఎందుకు, మింగెయ్యొచ్చుగా అని. డీఎంటీని ఒంటరిగా మింగితే పేగుల్లో, కాలేయంలో ఉండే మోనో అమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది, మెదడు దాకా చేరదు. ముక్కు లోపలి పొర ద్వారా వెళ్ళినది కాలేయం దారి పట్టకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. వైరోలా పొడుల్లో ముఖ్యమైనది 5-మీథాక్సీ డీఎంటీ, అంటే డీఎంటీ అణువుకే ఐదో స్థానంలో ఒక మీథాక్సీ గుంపు తగిలించినది. దానిదీ ఇదే కథ. ఇక బూడిద సంగతి. బూడిదలో క్షారం ఉంటుంది. ఆల్కలాయిడ్లు, అంటే మొక్కల్లో ఉండే ఇలాంటి రసాయనాలు, లవణం రూపంలో ఉన్నప్పటికన్నా క్షారం తగిలి విడిపడినప్పుడు పొరల గుండా తేలిగ్గా దాటుతాయి. తాంబూలంలో సున్నం ఎందుకు రాస్తామో తెలిసిన మనవాళ్ళకి ఇది చెప్పడం ఎంతసేపు?

మొదట వేధించిన ప్రశ్న, తర్వాత అణువు. ఆ వరస తప్పితే ట్యూషన్ నోట్స్ అయిపోతుంది.

అయితే ఎంజైమ్ కథ చెప్పేసి చేతులు దులుపుకోకు. కొలంబియా, పెరూ వైపు విటోటో, బోరా తెగలవాళ్ళు అదే వైరోలా బంకని చిన్న చిన్న ఉండలు చేసి మింగుతారు! ఇందాకటి లెక్క ప్రకారం అది పనిచెయ్యకూడదు. ఆ ఉండల మీద 1980ల్లో పరిశోధకులు మళ్ళీ కూర్చున్నారు. ఒక ఉండకీ ఇంకో ఉండకీ ఆల్కలాయిడ్ల మోతాదులో పొంతనే లేదు, ఆ ఎంజైమ్‌ని అడ్డుకునే బీటా కార్బొలిన్లు అనే పదార్థాలు ఉన్నా నామమాత్రమే. చిక్కు తేలని చోట తేలలేదనే రాయి. అలాంటి పేరా ఉన్న సైన్స్ వ్యాసాన్ని నేను ఎక్కువ నమ్ముతాను.

చరిత్ర మీద పేజీలు ఖర్చు చెయ్యొద్దు. హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త రిచర్డ్ ఎవాన్స్ షుల్టెస్ 1954లో ఈ పొడి వైరోలా నుంచి వస్తోందని ప్రచురించాడు, 1969లో స్వీడన్ రసాయనవేత్తలతో కలిసి అందులోని ఆల్కలాయిడ్ల వివరాలు బయటపెట్టాడు. అంతే. "కనిపెట్టాడు" అనే మాట మాత్రం వాడకు. అప్పటికే ఆ పొడి వాళ్ళ ముక్కుల్లో ఉంది.

వేడుక గురించి రాసేటప్పుడు నీకు చెయ్యి వణికినట్టుంది, "మత్తులో తేలిపోతారు" అని రాసి దాటేశావు. యానోమామీ షమన్లు, అంటే ఆత్మలతో మాట్లాడి వైద్యం చేసే పెద్దలు, చెప్పేది అది కాదు. వాళ్ళ లెక్కలో యాకోవానా అనే ఆ పొడి షపిరి అనే ఆత్మలకి ఆహారం, షమన్ ద్వారా అవి దాన్ని తాగుతాయి, తాగి దిగివచ్చి నాట్యం చేస్తాయి, పాడతాయి, అప్పుడు వాటి సాయంతో అతను జబ్బు చేసినవాళ్ళకి వైద్యం చేస్తాడు. కొత్తగా షమన్ అయ్యేవాడికి పెద్దలు రోజుల తరబడి ఊదుతారు, అదేం సరదా కాదు, వాడు నీరసించి నేలకి అతుక్కుపోతాడు. ఇదంతా నువ్వు నమ్మాలని లేదు, ఎగతాళీ చెయ్యక్కర్లేదు. "వాళ్ళ మాట ప్రకారం" అని ఒకసారి చెప్పి, తర్వాత వాళ్ళ మాటగానే నడిపించు. ప్రతి వాక్యానికీ "అట", "అని వాళ్ళ మూఢనమ్మకం" తగిలిస్తే చదివేవాడికి నీ టెన్షన్ తప్ప ఏమీ కనిపించదు. దానికి ఎదురుగా 5-మీథాక్సీ డీఎంటీ మెదడులో సెరటోనిన్ అనే సంకేత రసాయనాన్ని అందుకునే గ్రాహకాల మీద పనిచేస్తుందన్న వాక్యాన్నీ పెట్టు. రెండూ పక్కపక్కన ఉండనీ, ఒకదాన్ని ఇంకోదాని చేత కొట్టించకు.

"అంతరించిపోతున్న ఆదిమ జాతి" అని ఎక్కడ పట్టావో గానీ అది తీసెయ్. వాళ్ళు ఇవాళ్టి మనుషులు. 1980ల్లో బంగారం కోసం వేలకొద్దీ అక్రమ తవ్వకందార్లు వాళ్ళ అడవిలో పడ్డారు, వాళ్ళ వెంటే మలేరియా వచ్చింది. యానోమామీ నాయకుడు, షమన్ కూడా అయిన దావి కోపెనావా లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడాక 1992లో బ్రెజిల్ సుమారు 96 లక్షల హెక్టార్లని యానోమామీ భూమిగా ఖరారు చేసింది. అయినా తవ్వకాలు ఆగలేదు, 2023 జనవరిలో అక్కడ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. బంగారం వేరుచెయ్యడానికి వాళ్ళు వాడే పాదరసం నదుల్లో కలిసింది. బెరడులో ఉన్న రసాయనం గురించి అంత రాసినవాడివి ఈ రసాయనం గురించి ఒక్క ముక్క రాయకపోతే ఎలా?

చివరగా చట్టం. మన దేశంలో డీఎంటీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్డీపీఎస్) కింద నిషిద్ధం, ఆ సంగతి వ్యాసంలో ఉండాలి. మోతాదులు, కొలతలు నువ్వు రాసిన పేరా పూర్తిగా తీసెయ్, నీ వ్యాసానికి అవి అనవసరం, ఎవడో కుర్రాడు ప్రయోగం చేస్తే ఆ పాపం నీకెందుకు.

ఆదివారం లోపు తిరగరాసి పంపు. ఈసారి బెరడు ఒలవడంతో మొదలుపెట్టు, హెడ్డింగ్ అన్నిటికన్నా చివర పెట్టు.

అన్నయ్య