వైరస్ ఒంటి మీది చక్కెరే దాన్ని పట్టిస్తుంది

"ఊపిరితిత్తుల్లోని సర్ఫాక్టెంట్ ప్రోటీన్లు వైరస్‌లను గుర్తుపడతాయని చదివాను. అదెలా సాధ్యం?" అని అడిగారు. నేను అమలాపురం దగ్గర ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. అయినా సర్ఫాక్టెంట్ విలువ నాకు తెలిసొచ్చింది మా అమ్మాయి పుట్టినప్పుడే.

పాప 30వ వారంలో పుట్టింది. గంట తిరగకుండానే డొక్కలు ఎగరేస్తూ మూలగసాగింది. యానాం వంతెన మీదుగా కాకినాడ తీసుకువెళ్లాం. అక్కడి నర్సమ్మ ఒక చిన్న సీసాను గుప్పిట్లో పెట్టుకుని వెచ్చబరిచారు. లోపల కొబ్బరిపాలలా తెల్లటి మందు. కుదపకుండా మెల్లగా తలకిందులు చేసి, డాక్టరు గారికి అందించారు. ఆయన దాన్ని సన్నని గొట్టంతో పాప ఊపిరితిత్తుల్లోకి వదిలారు. సాయంత్రానికి డొక్కలు ఎగరడం తగ్గింది.

ఆ మందే సర్ఫాక్టెంట్. ఊపిరితిత్తుల్లో సహజంగా ఉండే సర్ఫాక్టెంట్‌లో సుమారు 90 శాతం కొవ్వులు, మిగిలింది ప్రోటీన్లు. ఆ ప్రోటీన్లు ముఖ్యంగా నాలుగు: ఎస్‌పీ-ఏ, బీ, సీ, డీ (ఎస్‌పీ అంటే సర్ఫాక్టెంట్ ప్రోటీన్). బీ, సీ ఆ కొవ్వును వాయుగోణుల (ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచుల) లోపల పలుచని పొరగా పరుస్తాయి. ఆ పొర లేకపోతే ఊపిరి వదిలినప్పుడల్లా వాయుగోణులు ముడుచుకుపోతాయి. నెలలు నిండని పిల్లలకు వచ్చే ఆయాసానికి మూలం ఇదేనని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపారు.

మీరు అడిగిన కాపలా పని ఏ, డీలది. అవి గుర్తుపట్టేది చక్కెరను. ఫ్లూ వైరస్ ఒంటి మీది ప్రోటీన్లకు మానోజ్ అనే చక్కెర గొలుసులు దగ్గరదగ్గరగా వేలాడుతుంటాయి. మన కణాల మీద కూడా చక్కెరలు ఉంటాయి గానీ, వాటి కొసలను చాలావరకు సియాలిక్ ఆమ్లం అనే మరో రకం చక్కెర కప్పేస్తుంది. అందుకే మన కణాల జోలికి ఇవి పెద్దగా పోవు.

డీ ప్రోటీన్ అల్లిక చూడముచ్చటగా ఉంటుంది. మూడు పాయలు జడలా పెనవేసుకుంటాయి. అలాంటి నాలుగు జడలు మధ్యలో కలిసి, కూడలిలా నాలుగు వైపులకు చాచుకుంటాయి. మొత్తం 12 పాయలు, 12 తలలు. కాల్షియం తోడుంటే ఒక్కో తల ఒక చక్కెరను పట్టుకుంటుంది. ఒక్క తల పట్టు బలహీనమే. చేలగట్ల మీద నడిచి వచ్చాక చీర కుచ్చెళ్లకు ఉత్తరేణి గింజలు అంటుకుంటాయి కదా! ఒకటైతే దులిపితే రాలిపోతుంది, అంచంతా పట్టుకుంటే ఊడదీయడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు. ఇదీ అంతే. పైగా ఒకే డీ అణువు రెండు మూడు వైరస్‌లను కలిపి గుత్తి కట్టేస్తుంది. గుత్తిలో చిక్కిన వైరస్ కణంలోకి దూరలేదు, భక్షక కణాలు వచ్చి మింగేస్తాయి. యాంటీబాడీలు తయారవడానికి రోజులు పడుతుంది. ఈ ప్రోటీన్లు మాత్రం ముందునుంచే అక్కడ ఉంటాయి.

ఫ్లూ విషయంలో ఎస్‌పీ-ఏ దారి వేరు. దాని ఒంటి మీదే సియాలిక్ ఆమ్లం ఉంటుంది. ఫ్లూ వైరస్ కణంలోకి వెళ్లడానికి వెతుక్కునేది దాన్నే కాబట్టి, ఎరను కరిచిన చేపలా ఇక్కడే తగులుకుంటుంది.

నన్ను బాగా ఆలోచింపజేసింది మరొకటి. ఏళ్ల తరబడి మనుషుల్లో తిరిగే హెచ్3ఎన్2 ఫ్లూ వైరస్, యాంటీబాడీల కంట పడకుండా ఒంటి మీద చక్కెరలు పెంచుకుంటూ వచ్చింది. ఆ ముసుగే డీకి పట్టు ఇస్తుంది. 1918, 2009 మహమ్మారి వైరస్‌ల ఒంటి మీద ఆ చక్కెరలు తక్కువ. అందుకే అవి డీకి సరిగా చిక్కవు.

మా పాపకు ఇచ్చినలాంటి మందులను జంతువుల ఊపిరితిత్తుల నుంచి తీస్తారు. శుద్ధి చేసేటప్పుడు ఏ, డీ పోయి, బీ, సీ మాత్రమే మిగులుతాయి. ఈ సంగతి తర్వాత చదివినప్పుడు మనసు కలుక్కుమంది. పిల్ల సొంత కణాలు కూడా వాటిని తయారుచేసుకుంటాయని తెలిశాక కుదుటపడ్డాను. పొగతాగేవారి ఊపిరితిత్తుల్లో ఏ, డీ తగ్గుతాయని కూడా తేలింది. మా మామగారికి ఆ మాట చెబితే చుట్ట మానేశారు.

ప్రయోగశాలలో తయారుచేసిన మనిషి డీ ప్రోటీన్‌ను నెలలు నిండని పిల్లలకు ఇచ్చి చూసే పరీక్షలు ఇప్పటికే మొదలయ్యాయి.