ముందు కొలిమిని చూసుకో, తర్వాత ఉక్కు కొను

చిరంజీవి మహేశ్‌కు పెద్దనాన్న ఆశీస్సులు.

కత్తులు చేయడానికి కొందామని నువ్వు పంపిన స్టీళ్ల జాబితా చూశాను. డీ2, 440సీ, 52100, ఇంకా నోరు తిరగని పేర్లు నాలుగైదు. వీటిలో ఏది మంచిదని అడిగావు. అన్నీ మంచివే. కాకపోతే మీ పెరట్లో ఉన్న బొగ్గుల కొలిమికి ఇప్పట్లో వాటిలో ఒక్కటీ సరిపడదు.

డీ2 గట్టిపడాలంటే వేడి వెయ్యి డిగ్రీలు దాటాలి, దాటాక అదే వేడి మీద కొంతసేపు కదలకుండా నిలవాలి. బొగ్గుల్లో కత్తి మొన దగ్గర ఒక వేడి, పిడి దగ్గర ఇంకో వేడి ఉంటుంది. ఇక 52100 అంటే బేరింగుల ఉక్కు. మన దగ్గర దాదాపు అదే ఉక్కు ఈఎన్31 పేరుతో దొరుకుతుంది. కార్బన్ ఒక శాతం, క్రోమియం ఒకటిన్నర శాతం దాకా ఉంటాయి. అంచు బాగా నిలుస్తుంది గానీ, దానికీ వేడి నిలకడగా కావాలి. టెంపరేచర్ చూపించే ఎలక్ట్రిక్ ఫర్నేస్ కొన్నాక వీటి జోలికి పోదువు గాని.

ఇప్పటికి 1080 రకం ఉక్కు పట్టీ కొను. కార్బన్ 0.8 శాతం దగ్గర ఉంటుంది, వేరే లోహాలు పెద్దగా కలిసి ఉండవు. దీనికి వేడి కొలిచే మీటర్ అక్కర్లేదు, అయస్కాంతం చాలు. ఉక్కు 770 డిగ్రీలు దాటగానే అయస్కాంతం దాన్ని పట్టడం మానేస్తుంది. అక్కడి నుంచి రంగు ఇంకొంచెం పెరగనిచ్చి నూనెలో ముంచెయ్. పగటి వెలుతురులో రంగు తెలియదు, ఈ పని సాయంత్రం చెయ్. పల్లీ నూనె చాలు, ముందుగా గోరువెచ్చగా చేసుకో. నూనె ఇనప డబ్బాలోనే పొయ్యాలి, ప్లాస్టిక్ బకెట్ వద్దు. మంట లేస్తుంది కాబట్టి మూత పక్కనే ఉండాలి.

ముంచి తీశాక ఆకురాయితో గీకి చూడు. పట్టకుండా జారిపోతే గట్టిపడినట్టే. అప్పుడది గాజు లెక్క ఉంటుంది, కింద పడినా విరగొచ్చు. వెంటనే మీ ఓటీజీలో, అదే కరెంటు ఓవెన్‌లో, 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెట్టు. చల్లారాక ఇంకోసారి పెట్టు. ఉక్కు మీద లేత ఎండుగడ్డి రంగు తేలాలి. నీలం తేలిందంటే కూరగాయల కత్తికి అవసరమైన దానికన్నా మెత్తబడిపోయినట్టు.

లారీ కింద బరువు మోసే కమాన్ పట్టీల సంగతి అడిగావు. మన వైపు కొడవళ్లు, వేటకత్తులు చాలావరకు వాటితోనే చేస్తారు, అందులో తప్పేం లేదు. ఆ ఉక్కులో కార్బన్ 0.5 నుంచి 0.6 దాకా ఉంటుంది. దెబ్బకు ఓర్చుకుంటుంది గానీ సన్నటి అంచును ఎక్కువ రోజులు నిలపలేదు. అందుకే చేసేది ఏ కత్తి అని ముందు తేల్చుకో. ఆవకాయకు టెంకతో సహా కాయను నరికే కత్తికి కమాన్ పట్టీని మించింది లేదు. గట్టి ఉక్కుతో చేస్తే ఆ దెబ్బలకు అంచు పెచ్చులు లేస్తుంది. టమాటా, ఉల్లిపాయ తరిగే పల్చటి కత్తికైతే 1080 మేలు.

ఒక జాగ్రత్త. ఏళ్ల తరబడి లారీ కింద నలిగిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్లు ఉండొచ్చు. కత్తి అంతా అయ్యాక నూనెలో ముంచినప్పుడు అవి బయటపడతాయి, కష్టమంతా వృథా. పట్టీలు అమ్మే షాపులో కొత్తవాటి కోత ముక్కలు అడుగు. కాల్చాక వాటిని నీళ్లలో మాత్రం ముంచకు.

స్లాబు కడ్డీ, గేటు పట్టీ ఎంత కాల్చినా కత్తికి కావలసినంత గట్టిపడవు. జింకు పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టనే పెట్టకు, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

మీ పిన్నికి తుప్పు పట్టని కత్తి కావాలంది కదా. స్టెయిన్‌లెస్ అన్న పేరు చూసి 304 కొనకు. అది గిన్నెల ఉక్కు, కాల్చి ముంచినా గట్టిపడదు. 440సీ లాంటిది తీసుకుని ఆకారం వరకు నువ్వు చేసి, హీట్ ట్రీట్‌మెంట్ చేసే షాపులో ఇచ్చెయ్. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు అడిగితే దొరుకుతాయి. లేదా 1080తోనే చేసిచ్చి, నిమ్మకాయ, మామిడికాయ కోసిన వెంటనే కడిగి తుడిచి పెట్టుకొమ్మని చెప్పు. నల్లటి మరకలు పడతాయని ముందే చెప్పకపోతే తిట్లు తినేది నువ్వే.

అలల గీతల డమాస్కస్ పట్టీలు చూసి మనసు పారేసుకున్నట్టున్నావు. ఇప్పుడు అమ్మేవి ఎక్కువగా రెండు రకాల ఉక్కు పొరలను కాల్చి అతికించినవి. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో, అంటే మట్టి పాత్రల్లో, కరిగించి తీసిన ఉక్కు, పర్షియా వర్తకులు డమాస్కస్ కత్తుల కోసం కొనుక్కుపోయినది, అది వేరే పద్ధతి. లోపల ఏ రెండు ఉక్కులున్నాయో చెప్పలేని దుకాణంలో గీతలు చూసి డబ్బు పెట్టకు.

పట్టీ వచ్చాక నేరుగా కత్తి మొదలెట్టకు. వేలెడంత ముక్క కోసి, కాల్చి, నూనెలో ముంచి, గుడ్డ చుట్టి వైస్‌లో బిగించి సుత్తితో విరగ్గొట్టు. కళ్లద్దాలు పెట్టుకో. విరిగిన చోట సన్నగా బూడిద రంగులో ఉంటే నీ వేడి సరిపోయింది. చక్కెర పలుకుల్లా మెరిస్తే ఎక్కువ కాల్చావు, ఈసారి ఇంకొంచెం తక్కువ రంగు దగ్గర తియ్యి. అసలు విరగకుండా వంగితే వేడి చాల్లేదు, లేకపోతే నీకమ్మినది 1080 కాదు. ఆ ముక్క ఫోటో దగ్గరగా తీసి పంపు, చూసి చెప్తాను.

పెద్దనాన్న