మూడు వస్తువులు చాలు అమ్మలూ

అమ్మలూ,

నువ్వు పంపిన లిస్టు రెండుసార్లు చదివాను. సీరమ్, టోనర్, స్క్రబ్, షీట్ మాస్క్, హెయిర్ స్పా క్రీమ్, గోళ్లకు విటమిన్ బిళ్లలు... నెలాఖరుకి చేతిలో మిగిలేది అంతంతమాత్రం కదా, ముందు ఏది కొనమంటావు పెద్దమ్మా అని అడిగావు. వీటిలో ఏదీ కొనకు. ఇన్నేళ్లు పార్లర్ నడిపినదాన్ని, ఎందరి ముఖాలో ఎందరి తలలో దగ్గర నుంచి చూశాను. డబ్బు చాలక చర్మం పాడైనవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. తొందరపడి, ఎవరో చెప్పింది నమ్మి, ఏదేదో పూసి పాడుచేసుకున్నవాళ్లే ఎక్కువ. అందుకని ముందు ఏం మానాలో చెప్తాను, ఏం కొనాలో తర్వాత.

అన్నిటికన్నా ముందు మానాల్సినవి త్వరగా తెల్లబడతారని చెప్పి అమ్మే క్రీములు. వెనక లేబుల్ లేని డబ్బాలు, తెలిసినవాళ్లు కలిపి ఇచ్చేవి, చీటీ లేకుండా మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబులు, వీటి జోలికే వెళ్లకు. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ అనే పేర్లు గుర్తుపెట్టుకో. డాక్టర్ చూసి ఇన్ని రోజులని లెక్కగా రాసిస్తే అవి మంచి మందులే. సొంతంగా ముఖానికి రోజూ రాసుకుంటేనే ప్రమాదం. మొదట్లో ముఖం నిగనిగలాడుతుంది, అందుకే అందరూ నమ్ముతారు. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు పైకి కనబడతాయి, మొటిమలు లేస్తాయి, కొందరికి చెంపల మీద వెంట్రుకలు కూడా వస్తాయి. ఆపేద్దామంటే మంట, ఎరుపు ఎగదన్నుకొస్తాయి, దాంతో భయపడి మళ్లీ అదే రాస్తారు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు నీకు తెలిస్తే, ఎలా ఆపాలో చర్మం డాక్టర్‌ని అడగమను. ఒంటి మీద గుండ్రంగా దురదపెట్టే తామరకి కూడా ఇలాంటి ట్యూబే రాస్తుంటారు. దురద తగ్గుతుంది, ఫంగస్ మాత్రం లోపల్లోపల పాకుతూనే ఉంటుంది.

ఇంకొన్ని క్రీముల్లో పాదరసం కలుపుతారు. అది చర్మంలోంచి ఒంట్లోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పది లక్షల పాళ్లలో ఒక పాలు దాటి పాదరసం ఉన్న సౌందర్య సాధనాల తయారీ, ఎగుమతి, దిగుమతి 2020 నాటికి ఆపేయాలని, పాదరసం వాడకాన్ని అదుపు చేసే మినమాటా అనే అంతర్జాతీయ ఒప్పందంలో చేరిన దేశాలు అనుకున్నాయి. అయినా దొంగచాటుగా వస్తూనే ఉన్నాయి. నీ రంగు నయం చేయాల్సిన జబ్బు కాదు తల్లీ. ఆ ఖర్చు మొత్తం నీ బడ్జెట్‌లోంచి కొట్టెయ్యి.

డబ్బు ఖర్చు కాదు కదా అని నిమ్మరసం, వంట సోడా, టూత్‌పేస్ట్ ముఖానికి పట్టించడం కూడా వద్దు. మన చర్మం పైపొర కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, దాని పీహెచ్ సుమారు 5. పీహెచ్ అంటే ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7 కన్నా తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది, సోడా 8 దాటుతుంది, రెండూ చర్మానికి సరిపడవు. పైగా నిమ్మరసం అంటిన చోట ఎండ తగిలితే చర్మం కాలి నల్లటి మరకలు పడతాయి, పోవడానికి నెలలు పడుతుంది.

ఇక కొనాల్సినవి మూడు: ఒంటికి, ముఖానికి పనికొచ్చే మైల్డ్ క్లెన్సర్, ఒక మాయిశ్చరైజర్, ఒక సన్‌స్క్రీన్.

మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. అందుకే స్నానం చేశాక చర్మం బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది. సువాసన లేని సిండెట్ బార్, అంటే సబ్బులా కనిపించినా సబ్బు కాని మైల్డ్ క్లెన్సర్ బిళ్ల, ఒకటి కొను, అది ఎక్కువ రోజులు వస్తుంది. నురగ తక్కువగా వస్తే శుభ్రం కావడం లేదనుకోకు. చంకలు, గజ్జలు, పాదాలు, ముఖం, వీటికి రాస్తే చాలు. చెమట, మురికి పట్టని చోట నీళ్లు సరిపోతాయి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, సలసల కాగేవి పోసుకుంటే చర్మంలోని నూనె అంతా పోతుంది.

మాయిశ్చరైజర్ విషయంలో ఏది రాశావన్న దానికన్నా ఎప్పుడు రాశావన్నది ముఖ్యం. స్నానం అయ్యాక తువ్వాలుతో రుద్దకుండా అద్దుకో. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపే రాసెయ్యాలి. మామూలు పెట్రోలియం జెల్లీ వేలి కొనకి కొంచెం తీసుకుని, రెండు అరచేతుల మధ్య మెరిసేదాకా రుద్ది, తడి మీదే ఒత్తుతూ పట్టించు. పూర్తిగా ఆరిపోయాక అదే జెల్లీ రాస్తే జిడ్డు మిగులుతుంది గానీ లోపల పట్టి ఉంచడానికి తడి ఉండదు. ఉన్న తడిని బయటికి పోకుండా ఆపడంలో దాన్ని మించింది లేదు, అంత చవకైనదీ లేదు. గ్లిజరిన్ కూడా మంచిదే కానీ అచ్చంగా రాయకు, అరచేతిలో నీళ్లతో పల్చన చేసి అప్పటికప్పుడు వాడు. కలిపి సీసాలో దాచుకుంటే సూక్ష్మక్రిములు చేరతాయి. ముఖం జిడ్డు తేలుతూ మొటిమలు వచ్చేదైతే ముఖానికి మాత్రం జెల్లీ వద్దు. నాన్ కొమిడోజెనిక్, అంటే చర్మ రంధ్రాలను మూసెయ్యనిది, అని రాసి ఉన్న తేలికపాటి లోషన్ తీసుకో.

ఖర్చు పెట్టదలుచుకుంటే సన్‌స్క్రీన్ మీద పెట్టు. మచ్చలు, ముడతలు, నల్లబడటం, వీటిలో చాలా భాగం ఎండ వల్లే. ఎస్‌పీఎఫ్ అంటే ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె. అది 15 ఉన్నది, ఎండలో చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాల్లో సుమారు 93 శాతం ఆపుతుంది, 30 అయితే 97, 50 అయితే 98. కాబట్టి 30 చాలు, 100 అని రాసినదానికి రెట్టింపు డబ్బు పొయ్యొద్దు. పరిమాణం దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడుగునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకి సరిపోతుంది. అందులో సగం రాస్తే ట్యూబు మీద రాసిన రక్షణ నీకు అందదు. బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ట్యూబు త్వరగా అయిపోతుందని టెన్షన్ పడకు, చేతులకి పొడుగు చొక్కా, తలకి గొడుగు పెట్టుకుంటే ట్యూబు ఒక్క ముఖానికే మిగులుతుంది. కిటికీ పక్కన కూర్చుని పనిచేస్తావు కదా, ఎండలోని మరో రకం, యూవీఏ కిరణాలు, అద్దంలోంచి కూడా వస్తాయి. అక్కడ పరదా వేసుకో.

డబ్బా ముందు వైపు రాసింది చదివి ఏదీ కొనకు, వెనక్కి తిప్పి చూడు. పదార్థాల పేర్లు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరసగా వేస్తారు. 1 శాతం లోపువి మాత్రం ఎలాగైనా వేసుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్, అంటే క్రీము పాడవకుండా కలిపేది, ఎక్కడుందో వెతుకు. దాన్ని మామూలుగా 1 శాతం మించి కలపరు. ముందు వైపు పెద్ద బొమ్మ వేసి ఊరించిన నూనె పేరు దీని తర్వాత కనిపించిందంటే, ఆ నూనె 1 శాతానికి మించి లేదన్నమాట. మూత తెరిచిన డబ్బా బొమ్మ, దాని మీద 6ఎం, 12ఎం అని ఉంటే తెరిచాక అన్ని నెలల్లోపు వాడెయ్యాలని. ఆఫర్ ఉందని పెద్ద సైజు కొని సగం పారేస్తే అది పొదుపు కాదు.

మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ తెచ్చుకో. 10 శాతం అన్నది ఎక్కువ మండించడమే తప్ప ఎక్కువ తగ్గించదు. పల్చగా, మొదట్లో రాత్రి విడిచి రాత్రి రాయి. తువ్వాలుకి, దిండు గలీబుకి అంటితే రంగు పోతుంది, తెల్లవి వాడు. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మూడో రోజుకే మార్చేసి ఇంకొకటి కొనే అలవాటే అందరి పర్సునీ ఖాళీ చేసేది.

జుట్టు సంగతికి వస్తాను. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. దువ్వెనలో చూసి గుండె జారిపోనక్కర్లేదు. పెద్ద జ్వరం, కాన్పు, మనసుకి తగిలిన దెబ్బ, కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం, వీటి తర్వాత రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. అప్పుడు నూనెల కోసం పరిగెడతారు. మరికొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటే ఆ పేరు నూనెకి పోతుంది. నిజంగా కావాల్సింది మాంసకృత్తులు, ఇనుము తగినంత ఉన్న తిండి.

షాంపూ కుదుళ్లకి, కండిషనర్ చివర్లకి. ఈ ఒక్క నియమం పాటిస్తే రెండూ సగం ఖర్చుతో సరిపోతాయి. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, తలస్నానంలో అది బలహీనపడకుండా కాపాడుతుంది. తలస్నానానికి కొన్ని గంటల ముందు పొడుగునా రాసుకో. చుండ్రు ఉంటే మాత్రం కుదుళ్లకి నూనె వద్దు. చుండ్రుకి కారణమైన మలసీజియా అనే ఫంగస్ బతికేదే మాడు మీది జిడ్డుతో. కీటోకోనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, నురగ పట్టించి అయిదు నిమిషాలు ఆగి కడుక్కో, రెండు నుంచి నాలుగు వారాలు. రాసిన వెంటనే కడిగేస్తే డబ్బు నీళ్లతోపాటు పోతుంది. చివర్లు చిట్లితే ఏ సీరమూ అతికించదు, కత్తిరించడమే. రంగు వేసుకునేముందు ప్రతిసారీ మోచేతి మడతలో కొంచెం రాసి 48 గంటలు చూడు. జుట్టు రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం పడనివాళ్లకి ముఖమంతా వాచిపోతుంది. ముందు నాలుగుసార్లు ఏమీ కాలేదన్నది హామీ కాదు.

గోళ్లకి బయోటిన్ అనే విటమిన్ బిళ్లలు కొనకు. ఆ లోపం చాలా అరుదు. పైగా ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్, గుండె రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా చూపిస్తాయి. గోళ్ల మీద తెల్ల చుక్కలు కాల్షియం తగ్గి వచ్చేవి కావు, చాలాసార్లు చిన్న దెబ్బ తగిలిన గుర్తులు. చేతిగోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాబట్టి ఆ చుక్క నెమ్మదిగా ముందుకి జరిగి పోతుంది. గోళ్లు పొరలు పొరలుగా విరిగేది నీళ్లలో నాని, ఆరి, మళ్లీ నానడం వల్ల. గిన్నెలు తోమేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు గ్లవ్స్ వేసుకో. గోరు మొదట్లో చర్మం అంచు చూడు, సన్నగా తెల్లగా గోరుకి అంటుకుని ఉంటుంది. క్యూటికల్ అని పార్లర్లలో కత్తిరించేది దాన్నే. లోపలికి నీళ్లు, క్రిములు వెళ్లకుండా మూసిపెట్టేది అదే. దాన్ని కోయనివ్వకు. కోసిన కొన్ని రోజులకి ఆ అంచు ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే సలిపి, చీము పట్టిన వేళ్లు ఎన్నో చూశాను. రాత్రి పడుకునేముందు అక్కడ కొంచెం జెల్లీ రాసుకో. కాలిగోళ్లు అడ్డంగా తిన్నగా తీసుకో, మూలలు లోతుగా కోస్తే గోరు చర్మంలోకి గుచ్చుకుంటుంది.

ఇలా మిగిలిన డబ్బులో కొంత డాక్టర్ ఫీజుకని పక్కన పెట్టు. ఒక గోరు మీద కొత్తగా నల్లటి గీత వచ్చినా, పుట్టుమచ్చ ఆకారం, రంగు మారినా, తలలో గుండ్రంగా జుట్టు ఊడినా, గోళ్లు మధ్యలో గుంటపడి అంచులు పైకి లేచినా ఆలస్యం చేయకు. ఆ చివరిది రక్తం తక్కువై కూడా అవుతుంది, పరీక్ష చేయించుకో.

సన్‌స్క్రీన్ కొనేముందు దాని వెనక వైపు ఫోటో తీసి పంపు, చదివి చెప్తాను.

నీ పెద్దమ్మ